హార్మోన్ రిపోర్టు మీద అనుమానమొస్తే అదే ల్యాబా, వేరే పద్ధతా?

రిపోర్టులో జబ్బు ఉందని వచ్చింది, ఒంట్లో మాత్రం ఏ లక్షణమూ లేదు. మళ్ళీ అక్కడే చేయించాలా, వేరే చోటికి వెళ్ళాలా? ఈమధ్య ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు.

అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయిస్తే శాంపిల్ తారుమారైందేమో తెలిసిపోతుంది. అంతవరకే దాని ఉపయోగం. తప్పుకు కారణం మీ రక్తంలోనే ఉంటే, అదే మెషీన్ మళ్ళీ అదే తప్పు అంకె ఇస్తుంది. రెండుసార్లూ ఒకేలా వచ్చింది కదా అని మందులు మొదలుపెట్టేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

ముందుగా అడగాల్సింది బయోటిన్ అనే బి విటమిన్ గురించి. ఒంటికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములే. జుట్టు, గోళ్ళ కోసం వేసుకునే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ల్యాబ్‌లో హార్మోన్ కొలిచే చాలా కిట్లు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ ఒకదాన్నొకటి పట్టుకోవడం మీదే ఆధారపడతాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువైతే ఆ పట్టు కుదరదు. అప్పుడు థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లైన ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 ఎక్కువగా కనిపిస్తాయి. థైరాయిడ్ అతిగా పనిచేసేలా చేసే గ్రేవ్స్ జబ్బుకు చూసే యాంటీబాడీ కూడా పాజిటివ్ రావచ్చు. గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు, బరువూ తగ్గలేదు. రిపోర్టు చూస్తే మాత్రం అచ్చం హైపర్‌థైరాయిడే, అంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టే. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఈ మాత్రలు కనీసం రెండు రోజులు ఆపి చేయిస్తే చాలావరకు అంకెలు సర్దుకుంటాయి, అదే ల్యాబైనా ఫర్వాలేదు. డాక్టరు రాసిన పెద్ద డోసైతే ఎన్నాళ్ళు ఆపాలో, అసలు ఆపాలో లేదో ఆయన్నే అడగండి.

బయోటిన్ వాడని వాళ్ళకైతే నా ఓటు వేరే పద్ధతికే. కొందరి రక్తంలో ఉండే హెటెరోఫైల్ యాంటీబాడీలు కిట్‌లోని యాంటీబాడీలను అతుక్కుని, లేని హార్మోన్‌ను ఉన్నట్టు చూపిస్తాయి. ఇవి ఒక కిట్‌ను దెబ్బతీసినా ఇంకో కంపెనీ కిట్‌ను దెబ్బతీయకపోవచ్చు. అందుకే ల్యాబ్ పేరు మారితే సరిపోదు, అక్కడా అదే మెషీన్ ఉండొచ్చు. "మీరు ఏ కంపెనీ మెషీన్ మీద చేస్తారు?" అని అడిగి మరీ రక్తం ఇవ్వండి. రక్తంలో హెచ్‌సీజీ (గర్భం తెలిపే హార్మోన్) ఇలా తప్పుగా పాజిటివ్ వచ్చినప్పుడు మూత్రంలో నెగటివ్ వస్తుంది, ఎందుకంటే ఆ యాంటీబాడీలు మూత్రంలోకి దిగవు.

యాంటీబాడీలతో కాకుండా అణువుల బరువును బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి స్టెరాయిడ్ హార్మోన్లకు మేలు, ముఖ్యంగా ఆడవాళ్ళ టెస్టోస్టెరాన్‌కు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడేవాళ్ళ కార్టిసాల్‌కూ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్) అంతే, మామూలు కిట్లు ఆ మందునే కార్టిసాల్‌గా లెక్కేసే వీలుంది. టీఎస్‌హెచ్‌కు ఇది అక్కర్లేదు. లక్షణాలేమీ లేకుండా ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పెరిగితే మాక్రోప్రొలాక్టిన్, అంటే యాంటీబాడీతో అతుక్కుని పెద్దదైన ప్రొలాక్టిన్ ఉందేమో చూడమంటే చాలు.