మింట్ లైవ్ డిస్క్, మూడేళ్ల వాడకం: ఎక్కించడం తేలికే, బూట్ అయ్యేలా చేయడంలోనే ఉంది పనంతా

లైవ్ డిస్క్ అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్‌ను నడిపే పెన్‌డ్రైవ్ లేదా డీవీడీ. వాడింది లినక్స్ మింట్ 21 (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకం. 2022లో వచ్చింది, అప్‌డేట్లు 2027 ఏప్రిల్ దాకా వస్తాయి. ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ, నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందుల్లోనూ జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో ఇంకా తిరుగుతున్న కోర్ టూ డ్యువో, పాత ఐ3 మిషన్లకు ఇంతకంటే సరిపోయేది దొరకలేదు. 4 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తుంది. 2 జీబీతోనూ నడుస్తుంది గానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మొరాయిస్తుంది.

ఇన్‌స్టాల్ పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర, ఎడమ మూల గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉండిపోతుంది. చాలామంది డిస్క్ పోయిందనుకుంటారు. పోలేదు. ఫైళ్లన్నీ డిస్క్‌లోకి వచ్చాయి, వాటిని లేపే బూట్ లోడర్ గ్రబ్ మాత్రం వేరే చోట కూర్చుంది. పాత బయోస్ (మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్) డిస్క్ మొదటి సెక్టారు ఒక్కటే చదువుతుంది. 512 బైట్ల ఆ సెక్టారులో కోడ్‌కు దక్కేది 446 బైట్లు, మిగతాది పార్టిషన్ల (డిస్క్ భాగాల) పట్టిక, చివర గుర్తు. అందుకే గ్రబ్ అసలు ఒళ్లు ఆ సెక్టారుకూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీలో ఉంటుంది. ఫైళ్లు ఎన్ని కాపీ చేసినా ఈ రెండు చోట్లా గ్రబ్ రాయకపోతే బూట్ కాదు.

సొంతంగా పార్టిషన్లు చేసుకునే తెరలో, అడుగున బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలని అడిగే పెట్టె ఉంటుంది. అసలు తప్పులన్నీ అక్కడే. ఎస్‌డీఏ అని మొత్తం డిస్క్‌నే ఎంచాలి, ఎస్‌డీఏ1 అని పార్టిషన్‌ను కాదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే కొన్ని బోర్డుల్లో పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అయి, హార్డ్ డిస్క్ ఎస్‌డీబీ అవుతుంది. చూసుకోకుండా నొక్కితే గ్రబ్ పెన్‌డ్రైవ్‌లోకి పోతుంది. ఇక అది గుచ్చితేనే మిషన్ లేస్తుంది. ముందుగా టెర్మినల్‌లో డిస్క్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజు చూసి గుర్తుపట్టండి. డీవీడీ అయితే ఎస్ఆర్0 అని వేరే పేరుతో వస్తుంది కాబట్టి ఈ గందరగోళమే ఉండదు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ముకు డ్రైవ్ లెన్స్ మసకబారడం ఒక్కటే దాంతో బాధ.

బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి, లేనిది పాత బయోస్ పద్ధతి. ఏ దారిన లైవ్‌లోకి వస్తే ఆ దారికే గ్రబ్ ఎక్కుతుంది. /సిస్/ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐలో ఉన్నట్టు. పాత పద్ధతిలో వచ్చి, డిస్క్ మాత్రం జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) అయితే 1 ఎంబీ పార్టిషన్ ఒకటి చేసి, బయోస్-గ్రబ్ గుర్తు పెట్టాలి. ఎందుకంటే జీపీటీలో మొదటి సెక్టారు వెనక ఉండే ఆ ఖాళీని పట్టికే ఆక్రమిస్తుంది. అది లేకపోతే చివర్లో గ్రబ్-ఇన్‌స్టాల్ ఫెయిల్ అయిందని వస్తుంది. యూఈఎఫ్ఐలో అయితే ఈఎఫ్ఐ పార్టిషన్‌గా ఫ్యాట్32 పార్టిషన్ 512 ఎంబీ ఉంచండి. రెండు డిస్క్‌లు ఉన్న మిషన్‌లో ఈ ఇన్‌స్టాలర్‌ది ఒక మొండితనం: ఆ పెట్టెలో రెండో డిస్క్ ఎంచినా మొదటి డిస్క్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకే రాస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యేదాకా మొదటి డిస్క్ సాటా కేబుల్ పీకేయడమే నమ్మకమైన మార్గం.

ఈ డిస్క్‌కు ఎక్కువ మార్కులు పడేది మరమ్మతులో. లైవ్‌లోనే బూట్ రిపేర్ ఉంటుంది, ఒక్క బటన్. కానీ ఏం చేసిందో తెలియదు కాబట్టి చేత్తో చేయడమే మేలు. డిస్క్ మూల పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ ఫోల్డర్ మీద మౌంట్ చేయండి, అంటే దానికి తగిలించండి. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ దాని కిందకు బైండ్ చేయండి, అంటే అక్కడా కనిపించేలా కలపండి. యూఈఎఫ్ఐ అయితే ఈఎఫ్ఐ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ మీద మౌంట్ చేయాలి. తర్వాత సీహెచ్‌రూట్‌తో డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి పోయి గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ వెనకే అప్‌డేట్-గ్రబ్. పాత పద్ధతిలో మాత్రం గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్క్ పేరు చెప్పాలి.

గ్రబ్ రెస్క్యూ అని ఆగిపోతే పార్టిషన్ నంబరు మారి గ్రబ్ తన ఫోల్డర్‌ను వెతుక్కోలేకపోతోందన్న మాట. ఎల్ఎస్ కొట్టి పార్టిషన్లు ఒక్కొక్కటే చూసి, /బూట్/గ్రబ్ ఎందులో ఉందో పట్టుకోండి. సెట్ రూట్‌కు ఆ పార్టిషన్, సెట్ ప్రిఫిక్స్‌కు ఆ ఫోల్డర్ ఇచ్చి, ఇన్స్‌మాడ్ నార్మల్, నార్మల్ అంటే మెనూ వచ్చేస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ చేయకపోతే మర్నాడు ఇదే కథ.

ఎండాకాలంలో కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే, బూట్ మొదట్లో దానికి కావలసిన ఇనిట్‌రామ్ ఫైలు సగంలో ఆగి, తర్వాతిసారి సిస్టమ్ లేవకుండా కెర్నల్ పానిక్ వస్తుంది. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పాత కెర్నల్ ఎంచితే లేస్తుంది. ఆపైన డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ నడిపితే సగంలో ఆగిన పని పూర్తవుతుంది. యూపీఎస్ లేని చోట పాత కెర్నల్ ఒకటైనా తీసేయకుండా ఉంచండి.

బాగా నడుస్తున్న మిషన్ ఉన్నట్టుండి బూట్ డివైస్ లేదంటే ముందు టైమ్ చూడండి. తేదీ వెనక్కి పోయి ఉంటే, బోర్డు టైమ్‌నూ సెట్టింగులనూ నిలిపే సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయి బోర్డు తన అసలు సెట్టింగులకు తిరిగింది. కొత్త సీఆర్2032 వేసి, యూఈఎఫ్ఐనా పాత పద్ధతా అన్నది మునుపటిలా పెడితే చాలు, మళ్లీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు.