కొత్త మందు వెతకడమా, ఉన్న మందును చేర్చడమా? ఓపియాయిడ్ పరిశోధన నిధులు ఎటు వెళ్తే మేలు

అమెరికాలో ఓపియాయిడ్ల (నల్లమందు తరహా నొప్పి మందులు, మత్తుపదార్థాలు) వ్యసనం, నొప్పి మీద పరిశోధనకు ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2016లో దాదాపు 60 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ఈ పరిశోధన కోసమే పెట్టిన ‘హీల్’ కార్యక్రమం మొదలైన 2018కల్లా ఆ మొత్తం 110 కోట్లకు చేరింది. డబ్బు లేనప్పుడు తగువు ఉండదు. వచ్చాకే దేనికి పెట్టాలన్న పేచీ మొదలవుతుంది.

చూడగానే ఆకట్టుకునేది వ్యసనం కలిగించని నొప్పి మందు. 2025 జనవరిలో అక్కడ అనుమతి పొందిన సుజెట్రిజీన్ అలాంటిదే. మెదడులో ఓపియాయిడ్లు అతుక్కునే గ్రాహకాల జోలికి పోకుండా, నొప్పి సంకేతాన్ని నరాల దగ్గరే అడ్డుకుంటుంది. దాన్ని మార్కెట్లోకి తెచ్చింది మందుల కంపెనీ. లాభం కనిపించే చోటికి కంపెనీలు పిలవకుండానే వస్తాయి. పైగా ఇప్పటికే వ్యసనంలో పడ్డవారికి ఈ మందు చికిత్స కాదు.

రెండోది, వ్యసన చికిత్సలో పనిచేస్తాయని తెలిసిన మందులను ఊరూరా చేర్చే పరిశోధన. నాలుగు రాష్ట్రాల్లోని 67 ప్రాంతాల్లో, మూడేళ్లలో ఓపియాయిడ్ మోతాదు మించి కలిగే మరణాలను 40 శాతం తగ్గిస్తామని ఒక భారీ అధ్యయనం చేపట్టారు. 2024లో ఫలితం వచ్చింది: చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యలో కోవిడ్ వచ్చింది, అతి శక్తివంతమైన ఓపియాయిడ్ ఫెంటనిల్ ముంచెత్తింది. లెక్క తీసే ఏడాది మొదలయ్యేనాటికి అనుకున్న పనుల్లో సగం కూడా మొదలుకాలేదు. దీన్ని చూపి ఈ దారే దండగ అనేవారున్నారు. విత్తనం నాటిన మర్నాడే కోతకు వెళ్లి, పంట లేదని నేలను తిట్టినట్టుంది ఆ మాట.

నా ఓటు మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడని మూడోదానికి: ఉన్న మందులనే పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం. 2017లో వెలువడిన ఒక ప్రయోగంలో ఓపియాయిడ్ వ్యసనం ఉన్న 570 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ తీసుకునే బ్యూప్రెనార్ఫిన్ (తపనను అణచే, తానూ ఓపియాయిడే అయిన మందు), మరో జట్టుకు నెలకోసారి వేసే నాల్‌ట్రెక్సోన్ (ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే మందు) ఇంజెక్షన్. నెలకొక్క సూది అంటే వినడానికి ఎంత సులువు! కానీ అది వేయాలంటే ముందు ఒంట్లో ఓపియాయిడ్ పూర్తిగా పోవాలి. అంటే చెమటలు, వాంతులు, ఎముకలు పిండేసే నొప్పులతో రోజుల తరబడి గడపాలి. ఆ జట్టులో 28 శాతం మంది మొదటి సూది దాకా రాలేకపోయారు. బ్యూప్రెనార్ఫిన్ జట్టులో అలా ఆగిపోయినవారు 6 శాతమే. మొదలుపెట్టగలిగినవారిలో మాత్రం రెండు మందులూ దాదాపు సమానంగా పనిచేశాయి. మందు బలం కన్నా గడప దాటడమే కష్టమని ఇంత స్పష్టంగా చూపింది ప్రభుత్వ డబ్బుతో జరిగిన ప్రయోగం. తన సరుకు ఓడిపోయే పోటీకి ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది?

మెథడోన్ సంగతీ అంతే. ఓపియాయిడ్ వ్యసన చికిత్సలో 1960లలోనే పనితనం రుజువైన ఈ మందు కోసం అమెరికాలో కొత్తగా చేరినవారు దాదాపు రోజూ క్లినిక్‌కు వెళ్లి, సిబ్బంది కళ్లముందే మింగాల్సి వచ్చేది. ఇంటికి ఎన్ని రోజుల మందు ఇస్తే ప్రమాదం ఉండదో పరీక్షించి తేల్చడం కష్టమేమీ కాదు. అయినా నిబంధన సడలడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. కోవిడ్ భయంతో, నిలకడగా ఉన్నవారికి 28 రోజుల మందు వరకు ఇంటికివ్వడానికి అనుమతించారు. 2024లో ఆ సడలింపును శాశ్వతం చేశారు.