సొంత కుంపటా, పెద్దింటి నీడా? జర్మనీ మహిళల ఫుట్‌బాల్ క్లబ్బులకు ఏది మేలు?

2010 మే 20, స్పెయిన్‌లోని గెటాఫే. మహిళల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. జర్మనీ నుంచి టుర్బీనే పోట్స్‌డామ్, ఫ్రాన్స్ నుంచి లియాన్. 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. ఇక పెనాల్టీలే. పోట్స్‌డామ్ గోల్‌కీపర్ అన్నా ఫెలిసితాస్ జార్‌హోల్ట్స్‌కు అప్పటికింకా 17 ఏళ్లు. రెండు షాట్లు ఆపింది. తన వంతు రాగానే గోల్ వదిలి ముందుకొచ్చి తనే ఒకటి కొట్టింది. చివర్లో లియాన్ షాట్ క్రాస్‌బార్‌కు తగిలింది. 7-6తో కప్పు పోట్స్‌డామ్‌ది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఫలితం తెలిసి కూడా ప్రతిసారీ టెన్షనే.

పదిహేనేళ్లు తిరిగేసరికి, 2024-25 సీజన్‌లో, అదే క్లబ్ జర్మనీ టాప్ లీగ్ అయిన బుండెస్‌లీగాలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేక కింది డివిజన్‌కు పడిపోయింది.

పోట్స్‌డామ్ మహిళలది సొంత కుంపటి. వెనక మగవాళ్ల పెద్ద క్లబ్ లేదు. ఇవాళ జర్మనీలో పైన ఉన్న బయెర్న్, వోల్ఫ్స్‌బుర్గ్ అలా కాదు, పెద్ద ఇళ్లలో పెరిగిన టీమ్‌లు. ఆడే అమ్మాయిలకు ఈ రెంటిలో ఏది మేలు అన్నదే ఇక్కడ ప్రశ్న.

సొంత కుంపటి తక్కువదేమీ కాదు. పశ్చిమ జర్మనీలో ఫుట్‌బాల్ సంఘం 1955లో మహిళల ఆటను నిషేధించి, 1970 చివర్లో గానీ ఎత్తేయలేదు. తూర్పున అలాంటి నిషేధం లేదు. 1971లో పోట్స్‌డామ్ విద్యుత్ సంస్థ క్రీడా సంఘంలో మహిళల టీమ్ పుట్టింది, టుర్బీనే అన్న పేరు అక్కడిదే. కోచ్ బెర్న్‌ట్ ష్రోడర్. మధ్యలో కొన్నేళ్లు తప్ప 2016 దాకా ఆ బెంచీ మీద ఆయనే. తూర్పు జర్మనీ ఉన్నప్పుడు ఆరు టైటిళ్లు, దేశం ఒకటయ్యాక 2004 నుంచి 2012 లోపు ఇంకో ఆరు, యూరప్ కప్పులు రెండు. పాత తూర్పు జర్మనీ గడ్డ మీది మగవాళ్ల క్లబ్ ఏదీ ఏకీకరణ తర్వాత బుండెస్‌లీగా గెలవలేదు. ఆ పని చేసింది ఈ అమ్మాయిలే. క్లబ్బులో ప్రతి రూపాయి మహిళల ఆట కోసమే, మైదానం ఎవరికి ఇవ్వాలన్న గొడవే లేదు. ఈ గౌరవం పెద్దింట్లో అంత సులువుగా దొరకదు.

కానీ డబ్బు మాటకొస్తే లెక్క తారుమారవుతుంది. వోల్ఫ్స్‌బుర్గ్ క్లబ్ ఫోక్స్‌వాగన్ కంపెనీది. అక్కడికి మహిళల టీమ్ 2003లో ఊళ్లోని ఇంకో క్లబ్ నుంచి వచ్చి చేరింది. పదేళ్లకు, 2013లో, లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. ఇప్పటికి మహిళలవి ఏడు లీగ్ టైటిళ్లు, మగవాళ్లది 2009 నాటి ఒక్కటే. 2010లో పోట్స్‌డామ్ తరఫున కప్పు గెలిచిన నదీనె కెస్లర్ మరుసటి ఏడాదే వోల్ఫ్స్‌బుర్గ్‌కు వెళ్లింది. 2014లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయ్యింది. వెళ్లినందుకు ఆమెను తప్పు పట్టలేను. జీతం, డాక్టర్లు, మంచి మైదానాలు కావాలనుకోవడం అత్యాశ కాదు.

అలాగని పెద్దిల్లు ఎప్పుడూ కాపాడుతుందా అంటే, 2012లో హాంబుర్గ్‌ను చూడండి. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ఆ క్లబ్ తన మహిళల టీమ్‌ను బుండెస్‌లీగా నుంచే తప్పించింది. మైదానంలో ఓడి కాదు, ఆఫీసులో తీసుకున్న నిర్ణయంతో. తిరిగి పై లీగ్‌కు రావడానికి 2025 దాకా పట్టింది. పెద్దింటి నీడలో నాకు భయం ఇక్కడే: ఇంటి పెద్దకు కష్టమొస్తే ముందు కోత పడేది ఎవరి కంచంలో?

ఈ రెండు దారుల మధ్య ఇంకోటి ఉంది. నా ఓటు దానికే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1998లో మహిళల కోసమే 1. ఎఫ్‌ఎఫ్‌సీ ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్ పెట్టారు. జర్మనీ స్టార్ ఫార్వర్డ్ బిర్గిట్ ప్రింజ్ ఆడిన టీమ్ అది. ఏడు లీగ్‌లు, తొమ్మిది జర్మన్ కప్పులు, నాలుగు యూరప్ టైటిళ్లు, చివరిది 2015లో. తర్వాత పెద్ద క్లబ్బుల డబ్బుతో పోటీ పడలేమని వాళ్లకు అర్థమైంది. పూర్తిగా చితికిపోయేదాకా ఆగకుండా, ఇంకా బుండెస్‌లీగాలో ఉండగానే, 2020 జూలైలో అదే ఊరి మగవాళ్ల పెద్ద క్లబ్ ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలిసిపోయారు. లీగ్‌లో చోటు, టీమ్, దాన్ని నడిపిన అనుభవం అన్నీ చేతిలో పెట్టుకుని ఆ గడప తొక్కారు. ఈత కొలను పక్కనున్న పాత బ్రెంటానోబాద్ మైదానమూ అలాగే ఉంది. రెండేళ్లకు, 2022 సెప్టెంబరులో, మగవాళ్ల పెద్ద స్టేడియంలో బయెర్న్‌తో ఆడితే 23,200 మంది వచ్చారు. ఆ రోజుకు అది లీగ్ రికార్డు. కలిశాక లీగ్ టైటిల్ ఇంకా రాలేదు, నిజమే. అయినా 2022 నుంచి 2025 దాకా ఏటా టీమ్ మూడో స్థానంలో నిలిచింది.

పోట్స్‌డామ్ కూడా 2020లో మగవాళ్ల పెద్ద క్లబ్ హెర్తా బెర్లిన్‌తో చేయి కలిపింది గానీ, అది సహకారం దగ్గరే ఆగి, కొన్నేళ్లకే ముగిసింది.

ఇప్పుడు నా కళ్లు ఎస్సెన్ మీద ఉన్నాయి. 2025-26 సీజన్ మొదలైనప్పుడు బుండెస్‌లీగా 14 క్లబ్బుల్లో పేరున్న మగవాళ్ల క్లబ్ అండ లేనిది అదొక్కటే. ఫ్రాంక్‌ఫర్ట్ లాగా పెద్ద క్లబ్బుతో తన షరతులతో మాట్లాడుకోవాలంటే, పై లీగ్‌లో ఉండగానే మాట్లాడుకోవాలి. 2020 జర్మన్ కప్ ఫైనల్లో ఎస్సెన్ వోల్ఫ్స్‌బుర్గ్‌ను 3-3 దాకా తెచ్చి పెనాల్టీల్లో ఓడింది. మొదటి నిమిషంలోనే గోల్ కొట్టిన లేయా షూలర్ ఆ వేసవిలోనే బయెర్న్‌కు వెళ్లింది. 18 ఏళ్ల లేనా ఓబర్‌డోర్ఫ్ ఆ ఓడించిన వోల్ఫ్స్‌బుర్గ్‌లోనే చేరింది.