నల్లులకు మందా, వేడా?

ఒంటి మీద దద్దుర్లు చూసి నల్లులని తేల్చేయకండి, దోమ కుట్టినా అలాగే ఉంటుంది. పరుపు కుట్ల వెంట సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలు, నల్లులు విడిచిన చర్మపు పొట్టు, మంచం అతుకుల్లో పురుగులు కనిపిస్తే మాత్రం ఇక అనుమానం అక్కర్లేదు.

మందు చవక. కొట్టిన చోట కొన్నాళ్లు పనిచేస్తుంది కూడా. కానీ చాలాచోట్ల నల్లులు పైరెథ్రాయిడ్ మందులను (ఇళ్లలో మామూలుగా కొట్టే ఒక రకం పురుగుమందులు) తట్టుకోవడం నేర్చాయి. గుడ్లయితే చాలావరకు తప్పించుకుంటాయి. అవి వారం, పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి రెండు వారాలకు మళ్లీ కొట్టాల్సిందే. పరుపు మీద వాడొచ్చని లేబుల్‌పై లేని మందును పడుకునే చోట అస్సలు కొట్టొద్దు.

వేడికి ఈ తట్టుకోవడాలేమీ ఉండవు. 48 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్లు చావడానికి గంటన్నర పడుతుంది, 50 దాటితే త్వరగా పోతాయి. దుప్పట్లు, బట్టలు డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే చాలు. గది మొత్తం వేడెక్కించాలంటేనే చిక్కు: ప్రత్యేక యంత్రాలు, నిపుణులు కావాలి, ఖర్చు ఎక్కువ. సొంతంగా హీటర్లు పెడితే ఇల్లే తగలబడొచ్చు. పైగా గది చల్లారాక రక్షణ సున్నా.

నా ఓటు రెండింటికీ: బట్టలకు డ్రయర్, పరుపు కుట్లకు ఆవిరి, గోడ పగుళ్లకు మందు.