ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్ర: నది కరకట్టా, కాలువ గట్టా, కొండ రోడ్డా... ఏది మేలు?

ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది "ట్రాఫిక్ లేని దారి ఏది?" అని. అలాంటి దారులు అక్కడ కావలసినన్ని ఉన్నాయి. అయితే ట్రాఫిక్ లేకపోవడం వేరు, ప్రశాంతంగా ఉండటం వేరు. కార్లను రానివ్వని దారి మీద ఆగస్టులో సైకిళ్లే బారులు తీరి ఉండొచ్చు. కార్లు తిరిగే మామూలు రోడ్డు మీద చాలాసేపు ఒక్క బండీ ఎదురు కాకపోవచ్చు. మీకు కావలసింది ఈ రెంటిలో ఏదో తేల్చుకుంటే దారి ఎంచుకోవడం సులువు.

నేను పోల్చేవి మూడు: ల్వార్ నది వెంట వెళ్లే దారి, తులూజ్ నుంచి మధ్యధరా తీరానికి వెళ్లే మిడి కాలువ గట్టు, దేశం నడిబొడ్డున లిమూజాన్ ప్రాంతంలోని చిన్న రోడ్లు. నా ఓటు లిమూజాన్‌కే. కానీ అందరినీ అక్కడికే వెళ్లమని చెప్పను.

ల్వార్: ఇంటిల్లిపాదికీ సరిపోయే దారి

నెవేర్ పట్టణం దగ్గర మొదలై అట్లాంటిక్ తీరంలోని సెంట్ బ్రెవాన్ దాకా సుమారు 900 కిలోమీటర్ల దారి ఇది. పొడవునా బోర్డులు ఉంటాయి. ఫోన్‌లో మ్యాప్ చూసుకోకుండానే రోజంతా తొక్కొచ్చు. వరదలకు అడ్డంగా పాతకాలంలో కట్టిన కరకట్టల మీద, పొలాల మధ్య చిన్న తారు రోడ్ల మీద సాగుతుంది. ఎక్కుడు దాదాపు లేదనే చెప్పాలి. వేసవిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడితే మన గోదావరి గుర్తుకొస్తుంది. సుల్లీ నుంచి షలోన్ దాకా ఉన్న నదీలోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బ్లువా, అంబువాజ్, సొమ్యూర్ కోటలు నది ఒడ్డునే ఉంటాయి. షాంబోర్ చూడాలంటే నదిని వదిలి కాస్త లోపలికి వెళ్లాలి. ఆ కాస్త దూరం తప్పకుండా వెళ్లండి.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. "అక్కెయ్ వెలో" అనే గుర్తు ఉన్న బసల్లో సైకిల్‌ని తాళం వేసి పెట్టుకునే గది, రిపేరుకు కావలసిన సామాను ఉంటాయి. అలసిపోతే నది పక్కనే రైలు మార్గం ఉంది. వేసవిలో ఓర్లియాన్, నాంత్‌ల మధ్య సైకిళ్లకు ఎక్కువ చోటు పెట్టి రైళ్లు నడుపుతారు.

సౌకర్యం ఉన్న చోటికే జనం చేరతారు. జులై, ఆగస్టుల్లో అంబువాజ్, విలాండ్రీ పరిసరాల్లో ఏకాంతం దొరకదు. బెల్లు కొట్టుకుంటూ, పిల్లల బండ్లను తప్పించుకుంటూ వెళ్లాల్సిందే. మే నెలాఖరున గానీ సెప్టెంబరులో గానీ వెళ్తే ఇదే దారి వేరే దారిలా ఉంటుంది. ఇంకో మాట, అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వీస్తుంది. నది పారే దిక్కున వెళ్తే తేలికగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ పల్లం ఏపాటిదీ కాదు, ఎదురుగాలి మాత్రం రోజంతా మోయాలి. నాంత్‌లో మొదలుపెట్టి తూర్పుకు తొక్కడమే మేలు.

మిడి కాలువ: చూడటానికి మిన్న, తొక్కడానికి అంత కాదు

ఫొటోలు చూసి మనసు పారేసుకునే దారి ఇది. తులూజ్ నుంచి సెత్ దగ్గరి తో సరస్సు దాకా 240 కిలోమీటర్లు. పద్నాలుగో లూయీ కాలంలో పియేర్ పోల్ రికే అనే ఉప్పు పన్ను వసూలుదారు 1666లో ఈ పని తలకెత్తుకున్నాడు. 1681లో కాలువ తెరిచేనాటికి ఆయన లేడు, కొన్ని నెలల ముందే కన్నుమూశాడు. నీళ్లు ఎక్కడి నుంచి తేవాలన్నది ఆయన ముందున్న అసలు చిక్కు. నోరూజ్ అనే చోట నేల 189 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడి నుంచి ఒక పక్క నీరు అట్లాంటిక్‌కు, రెండో పక్క నీరు మధ్యధరాకు పోతుంది. నల్ల కొండల వాగులను మళ్లించి ఆ ఎత్తుకు నీరు చేర్చాడు. సైకిల్ మీద ఆ చోటు దాటుతున్నప్పుడు కాళ్లకు ఏమీ తెలియదు. దిగి చూడాల్సిన చోటు అది.

లాకుల దగ్గర కాసేపు ఆగండి. పక్కనే లాకు చూసుకునే మనిషి ఇల్లు, దాని గోడకు ఒక పలక. మీద ఆ లాకు పేరు, కింద ముందరి లాకు ఎంత దూరం, వెనకటి లాకు ఎంత దూరం అని మీటర్లలో రాసి ఉంటుంది. పడవల వాళ్ల కోసం పెట్టిన ఈ పలకలు సైకిల్ మీద వెళ్లేవాళ్లకూ బాగా పనికొస్తాయి.

ఇక తొక్కుడు సంగతి. తులూజ్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు నున్నటి తారు. ఓద్ జిల్లాలో అడుగు పెట్టాక కథ మారుతుంది. మట్టి బాట, గులకరాళ్లు, గట్టును చీల్చుకుని పైకి లేచిన చెట్ల వేళ్లు. కొన్నిచోట్ల బాట ఒక చక్రం పట్టేంత సన్నగా అయిపోతుంది, పక్కనే నీళ్లు. కొన్నాళ్లుగా బాగు చేస్తున్నారు, బెజియే ప్రాంతంలో మళ్లీ హాయిగా ఉంటుంది. అయినా సన్నటి రోడ్ టైర్లతో వెళ్తే చేతులు మొద్దుబారతాయి. 35 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు వేసుకోండి. వాన పడితే ఆ మట్టి ముక్కలో దిగి నడవక తప్పదు.

నీడ గురించి కూడా చెప్పాలి. గట్లకు రెండు పక్కలా నీడనిచ్చిన సుమారు 42,000 ప్లేన్ చెట్లే ఒకప్పుడు ఈ కాలువకు అందం. 2006లో వాటికి ఒక శిలీంధ్రపు తెగులు సోకిందని తేలింది. సోకిన చెట్టును బతికించే మందు లేదు, కొట్టి తగలబెట్టాల్సిందే. అలా వేల చెట్లు పోయాయి. వాటి చోట వేరే రకాలు నాటుతున్నారు, అవి నీడనివ్వడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. జులై ఎండలో ఆ బోడి గట్టు మీద కిలోమీటర్ల తరబడి తొక్కడం ప్రశాంతత కాదు, శిక్ష.

కాలువ గట్టే కావాలనుకుంటే తులూజ్ నుంచి సముద్రం వైపు కాకుండా బోర్డో వైపు తిరగండి. గారోన్ కాలువ వెంట 193 కిలోమీటర్లూ దాదాపు అంతా తారు బాటే. మొవసాక్‌లో పాత మఠం ఉంది, ఆజాన్‌లో కాలువ వంతెనెక్కి నది మీదుగా దాటే దృశ్యం ఉంది. పేరు తక్కువ, జనం తక్కువ. నా లెక్కలో మిడి కంటే ఇదే మంచి సైకిల్ దారి.

లిమూజాన్: బోర్డులు లేని దారి

ఇక్కడ ఎవరూ మీ కోసం దారి వేయలేదు. మీరే మ్యాప్ మీద గీసుకోవాలి. మిషెలాన్ (Michelin) కంపెనీ కాగితం మ్యాప్ ఒకటి కొని టేబుల్ మీద పరచండి. ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, వాటి జోలికి వద్దు. పసుపు గీతలు మధ్యరకం. తెల్లగా, సన్నగా, ఊరికీ ఊరికీ మధ్య మెలికలు తిరిగేవే మనకు కావలసినవి. గీత పక్కన ఆకుపచ్చ రంగు ఉంటే అది చూడచక్కని రోడ్డని అర్థం. గీత మీద చిన్న బాణం గుర్తు ఉంటే ఎక్కుడు: ఒక బాణం అంటే 5 నుంచి 9 శాతం, రెండు అంటే 9 నుంచి 13, మూడు అంటే 13 పైన. బాణం మొన పైకెక్కే వైపు చూపిస్తుంది. సామాను కట్టుకుని వెళ్లేవాళ్లు మూడు బాణాల రోడ్డును దిగడానికే వాడుకోవాలి.

లిమోజ్ నుంచి తూర్పుకు, వియెన్ నది వెంట ఎమూతియే దాకా, అక్కడి నుంచి వాసివియేర్ సరస్సు చుట్టి మిల్‌వాష్ పీఠభూమి ఎక్కడం నేను చెప్పే దారి. రోడ్డు మధ్యలో గీత కూడా ఉండదు, ఒక కారు పట్టేంత వెడల్పు. పక్కన నాచు పట్టిన రాతి గోడలు, వాటి వెనక ఎర్రమట్టి రంగు ఆవులు, చెస్ట్‌నట్ చెట్లు. జనం బాగా పలచగా ఉన్న ప్రాంతం కాబట్టి బండ్లూ తక్కువే. వచ్చిన కారు కూడా వెనక ఓపిగ్గా ఆగి, చోటు చూసుకుని దాటుతుంది. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలన్నది అక్కడి చట్టం. మన హైవేల మీద తొక్కి వెళ్లినవాళ్లకు భుజాలు సడలడం తెలుస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లంటే ఇక్కడివాళ్లకు గౌరవమూ ఉంది. టూర్ ద ఫ్రాన్స్‌లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచి, ముందంజలో ఉన్నవాళ్లకిచ్చే పసుపు జెర్సీని ఒక్కరోజు కూడా వేసుకోని రేమోన్ పులిదోర్ ఈ నేల మనిషే. ఆయన ఊరు సెన్ లెయోనార్ ఈ దారిలోనే తగులుతుంది.

కష్టాలు లేకపోలేదు. చదును అన్నది ఉండదు, ఎక్కడం దిగడం, మళ్లీ ఎక్కడం. రోజుకు 80 కిలోమీటర్లు తొక్కేవాళ్లు ఇక్కడ 50తో సరిపెట్టుకోవాలి. పీఠభూమి మీద దుంగల లారీలు తిరుగుతాయి, వాటి మోత వినగానే పక్కకు తప్పుకోవాలి. తిండి ఇంకో సమస్య. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం అంతా చాలా ఊళ్లలో బేకరీ కూడా తెరవరు. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం రెండు గంటలు కొట్లు మూసేస్తారు. శాకాహారులైతే శనివారమే రొట్టె, చీజ్, పండ్లు, టమాటాలు సంచిలో వేసుకోవాలి. చిన్న స్టవ్ ఉంటే ఇంకా నయం, ఊరి క్యాంపింగ్ స్థలాల్లో వండుకోవచ్చు. నీళ్లకు మాత్రం ఫ్రెంచి సైక్లిస్టులంతా పాటించే పద్ధతి ఒకటుంది, ఊరి శ్మశానానికి వెళ్లడం. గేటు దగ్గర పూలమొక్కల కోసం కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్లయితే పక్కనే బోర్డు పెడతారు, చూసుకుని పట్టుకోండి. మనకు మొదటిసారి కాస్త జంకుగా ఉంటుంది, అక్కడ ఎవరూ తప్పు పట్టరు.

ఎవరికి ఏది

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు, రోడ్డు సైక్లింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ల్వార్. చరిత్ర మీద మనసున్నవాళ్లు మిడి కాలువ తూర్పు చివర, బెజియే నుంచి కొద్ది దూరం చూసి, అసలు తొక్కుడు గారోన్ వైపు పెట్టుకోవాలి. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగొచ్చే దూరపు సైకిల్ రైడ్ పారిస్-బ్రెస్ట్-పారిస్ కోసం హైదరాబాద్ నుంచి వెళ్లే రైడర్లూ ఉన్నారు. 90 గంటల్లో 1200 కిలోమీటర్లు పూర్తి చేసే కాళ్లకు లిమూజాన్ ఎక్కుళ్లు లెక్కలోకి రావు. వాళ్లు ఒక వారం సెలవు కలుపుకుని, ఈసారి గడియారం చూడకుండా అక్కడ తొక్కాలని నా కోరిక. పారిస్-బ్రెస్ట్-పారిస్ తర్వాతి రైడ్ 2027లో.

మూడు చోట్లా వర్తించే జాగ్రత్తలు రెండు. అక్కడ కుడి పక్కన తొక్కాలి. ఉదయం బయల్దేరేటప్పుడు ఎవరూ మరిచిపోరు. ఖాళీ రోడ్డు మీద ఫొటో కోసం ఆగి, మళ్లీ ఎక్కినప్పుడే అలవాటుగా ఎడమకు వెళ్లిపోతారు. రోడ్డు ఎంత ఖాళీగా ఉంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ. రెండోది, చిన్న ఊళ్లలో బోర్డేమీ లేని కూడలి దగ్గర కుడి నుంచి వచ్చే బండికే ముందు హక్కు, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే. మనం మెయిన్ రోడ్డు మీద ఉన్నామన్న ధీమా పనికిరాదు, బ్రేకుల మీద వేళ్లు ఉంచుకునే కూడలి దాటాలి.