కారు మీద నిచ్చెన వేసుకెళ్లేవాళ్లకు జాగ్రత్త: ‘అన్ని కార్లకూ సరిపోయే’ రూఫ్ క్యారియర్ కొనకముందే ఇది చదవండి

గ్లాస్ క్లీనింగ్ పని కొత్తగా పెట్టుకునేవాళ్లు, పెయింటింగ్ వాళ్లు, సోలార్ ప్యానెళ్లు కడిగేవాళ్లు, ఇంకా సొంత కారు మీదే నిచ్చెన వేసుకుని తిరుగుదాం అనుకునేవాళ్లు ఎవరైనా సరే, ఆన్‌లైన్‌లో దొరికే ‘యూనివర్సల్’ రూఫ్ క్యారియర్‌కి (సామాను పెట్టుకోవడానికి కారు టాప్ మీద అడ్డంగా బిగించే బార్లు) ఆర్డర్ పెట్టేముందు కాసేపు ఆగండి. దాని మీద ‘100 కేజీలు మోస్తుంది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగండి. మాకు డబ్బు పోయింది, కారు టాప్ సొట్టపడింది, అమ్మినవాళ్లతో ఇప్పటికీ గొడవ నడుస్తూనే ఉంది. మనుషులకు ఏమీ కాలేదంటే అది మా అదృష్టం, వాళ్ల సరుకు గొప్పతనం కాదు.

నేనూ మా బావమరిదీ కలిసి హైదరాబాద్‌లో ఈ పని మొదలుపెట్టాం. కొంపల్లి వైపు విల్లాలు, కొండాపూర్‌లో క్లినిక్కులు, చిన్న చిన్న షోరూములు, రెండో అంతస్తు దాకా ఉండే అద్దాలు. బకెట్లు, వైపర్లు, గుడ్డలు, సబ్బునీళ్ల డబ్బాలు అన్నీ డిక్కీలో పడతాయి. తలనొప్పంతా నిచ్చెనతోనే. రాణీగంజ్‌లో 20 అడుగుల అల్యూమినియం స్లైడింగ్ నిచ్చెన తీసుకున్నాం, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, బంగారంలా పనిచేస్తోంది. కానీ రెండు ముక్కల్నీ పూర్తిగా మూసినా 11 అడుగుల పైనే ఉంటుంది. మా కారు వ్యాగన్ఆర్. ముందు బంపర్ నుంచి వెనక బంపర్ దాకా 3,655 మిల్లీమీటర్లు, అంటే 12 అడుగులు. నిచ్చెన దాదాపు కారంత పొడవుందన్నమాట, కానీ కారు టాప్ ఆ పొడవులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఈ లెక్క అమ్మేవాడు చెప్పడు. వాడు చెప్పేది బరువు గురించే.

ఆ బరువుతోనే మనల్ని బోల్తా కొట్టిస్తారు. నిచ్చెన 20 కేజీల లోపే ఉంటుంది, క్యారియర్ 100 కేజీలది, ఇంకేం టెన్షన్ అనిపిస్తుంది. అసలు సంగతేంటంటే నిచ్చెనకి సమస్య బరువు కాదు, పొడవూ గాలీ. చిన్న కారు మీద రెండు బార్లు పెడితే వాటి మధ్య మహా అయితే మూడడుగుల దూరం వస్తుంది, ఎందుకంటే ఈ యూనివర్సల్ బార్లు తలుపుల పైన ఫ్రేముకే పట్టుకోవాలి. మిగతా నిచ్చెనంతా ముందుకీ వెనక్కీ గాల్లో ఉంటుంది. ముందు కొన బానెట్ మీదుగా చాచుకుని ఉంటే, ఎదురుగాలి దాన్ని కింద నుంచి పైకి లేపుతుంది. గాలి తోపు వేగంతో పాటు మామూలుగా పెరగదు, 40 మీద వెళ్లేదానికీ 80 మీద వెళ్లేదానికీ నాలుగు రెట్లు తేడా. ఆ లేపుడంతా ముందు బారుని ఫ్రేముకి పట్టి ఉంచే రెండు క్లాంపుల మీదే పడుతుంది. పక్కన లారీ వెళ్లినప్పుడు వచ్చే గాలి దెబ్బ వేరే, అది పక్కకి తోస్తుంది. ఇవేవీ 100 కేజీల లెక్కలోకి రావు, నిలబెట్టిన కారు మీద బియ్యం బస్తాలు పెట్టి చూస్తే వచ్చే లెక్క అది.

ఇక ఆ సరుకు ఎలా ఉందో చెప్తాను, ఎందుకంటే మీరు డబ్బా తెరవగానే చూసుకోవాల్సింది ఇదే. బారు చివర ఒక కొక్కెం లాంటి రేకు ఉంటుంది, అదే క్లాంపు, తలుపు తెరిచి ఫ్రేము అంచుకి తగిలించి బోల్టు బిగించాలి. ఆ రేకు వేలితో గట్టిగా నొక్కితే వంగేటట్టు లేదు గానీ, స్పానర్‌తో రెండు తిప్పులు ఎక్కువ తిప్పితే నోరు తెరుచుకుంటుంది. లోపల రబ్బరు ముక్క అతికించలేదు, ఊరికే దూర్చి పెట్టారు. బోల్టు కింద వాషర్ లేదు. నట్టు మీద నల్ల రంగు అలాగే కొట్టేశారు, అంటే లోపలి థ్రెడ్లలో రంగు చేరింది, బిగుసుకున్నట్టు చేతికి అనిపిస్తుంది కానీ నిజంగా బిగుసుకోదు, నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటితే ఆ రంగు రాలిపోయి వదులవుతుంది. బారుకీ దాన్ని నిలబెట్టే కాలుకీ మధ్య వెల్డింగ్ చుట్టూరా లేదు, రెండుచోట్ల చుక్కలు పెట్టి వదిలేశారు. దాని మీద ప్లాస్టిక్ తొడుగు, నిగనిగలాడుతూ. ఆ తొడుగు ఊడిన తర్వాతే మాకు వెల్డింగ్ కనిపించింది. ఫోటోల్లో అయితే దాన్ని చూసి విమానానికి కూడా బిగించొచ్చు అనిపిస్తుంది.

శంషాబాద్ వైపు ఒక విల్లా పని కోసం ఔటర్ రింగ్ రోడ్ ఎక్కాం. ఔటర్ మీద కుడి లేన్లలో 120 దాకా వెళ్లనిస్తారు, మేం ఎడమ లేన్లో 70 లోపే ఉన్నాం. ముందు నుంచీ ఒక గొణుగుడు లాంటి మోత వస్తూనే ఉంది, అది నిచ్చెనని బార్లకి కట్టిన బెల్టు గాలికి కొట్టుకునే మోత (ఫ్లాట్ బెల్టుని ఒక మెలి తిప్పి కడితే ఆ మోత ఆగిపోతుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి). ఆ మోత కాస్తా టకటకా అని మారింది. ఒక పెద్ద కంటైనర్ మమ్మల్ని దాటుకుంటూ వెళ్లగానే పైన ధడేల్‌మని శబ్దం, ముందు అద్దంలోంచి చూస్తే నిచ్చెన ముక్కు కుడివైపుకి తిరిగి ఉంది. ఎడమ క్లాంపు నోరు తెరుచుకుని ఫ్రేములోంచి బయటకి వచ్చేసింది. నిచ్చెన కిందపడలేదంటే కారణం ఆ క్యారియర్ కాదు, మా బావమరిది అనుమానం కొద్దీ ముందు బంపర్ కింద టోయింగ్ హుక్కుకి విడిగా కట్టిన నైలాన్ తాడు. అది లేకపోతే వెనక వచ్చేవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. నెమ్మదిగా పక్కకి తీసుకుని, హజార్డ్ లైట్లు వేసి, విప్పి చూస్తే టాప్ మీద అరచేయంత సొట్ట, తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ తెగిపోయి ఉంది. తర్వాత వానలో ఆ తలుపులోంచి నీళ్లు కారడం బోనస్.

ఇప్పుడు అమ్మినవాళ్ల తీరు. పేరు రాయను, ఎందుకంటే అదే సరుకు వేరే వేరే పేర్లతో అమ్ముతున్నారు, ఒక పేరు రాస్తే మీరు ఇంకో పేరుతో ఉన్నది కొంటారు. మొదట ‘మీ ఏరియాలో రోడ్లు బాగోలేవేమో’ అన్నారు. ఔటర్ మీద అని చెప్తే ‘ఫిట్టింగ్ నిపుణుడితో చేయించాలి’ అన్నారు, వాళ్ల పేజీలో మాత్రం ‘ఎవరైనా పది నిమిషాల్లో బిగించుకోవచ్చు’ అని వీడియో కూడా ఉంది. ఆ తర్వాత డబ్బాలో వచ్చిన చిన్న కాగితం చూడమన్నారు. దాని వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ‘గంటకు 60 కిలోమీటర్లు మించరాదు, పొడవైన వస్తువులు పెట్టరాదు’ అని ఉంది. ఈ ముక్క పేజీలో ఎక్కడా లేదు, పైగా అక్కడ ఉన్న ఫోటోల్లో ఒకదాంట్లో నిచ్చెన పెట్టి చూపించారు! ఆ ఫోటో నేను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, మేం ఫిర్యాదు చేసిన వారానికి పేజీలోంచి తీసేశారు. కాబట్టి ఏదైనా ఆర్డర్ పెట్టేటప్పుడే ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, తర్వాత అది అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు.

చివరి అస్త్రం ఏంటంటే ‘మీరు బిజినెస్‌కి వాడారు కదండీ, మీరు వినియోగదారు కిందికి రారు’ అని. ఇది విని చాలామంది నోరు మూసుకుంటారు. అది పూర్తి నిజం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(7) దగ్గర వివరణ ఉంది, కేవలం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి ఒక మనిషి కొని తనే వాడుకునే వస్తువు ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదు అని. మనలాంటి ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకునే పనికి ఇదే ఆధారం. బిల్లు మీద సొంత పేరు ఉంటే వాదించడం తేలిక. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, కొన్న వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, రెండేళ్లలోపు కేసు వేయాలి. డబ్బా మీద తయారుచేసినవాడి పేరూ అడ్రసూ ఉన్నాయో లేదో కూడా చూడండి, మా దాని మీద లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద అవి ఉండి తీరాలి, అది కూడా ఫిర్యాదులో రాశాం.

ఇంకో మోసం లోకల్ షాపుల్లో. ‘మీ కారుకి రూఫ్ రెయిల్స్ (టాప్ అంచుల వెంట పొడవుగా ఉండే కడ్డీలు) ఉన్నాయి కదన్నా, వాటికే బార్లు బిగిస్తా’ అంటారు. అవి నిజమైనవో కావో అడగండి. మన దగ్గర చాలా కార్లకు వచ్చేవి, బయట వేయించుకునేవి షోకు కోసం అతికించిన రెయిల్స్, లోపల డబుల్ టేపూ రెండు క్లిప్పులూ తప్ప ఏమీ ఉండదు. బరువు మోసే రెయిల్స్ ఉన్న కారైతే ఎన్ని కేజీలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అందులో లేకపోతే షాపువాడు ఎంత ఒట్టేసినా నమ్మకండి. చిన్న కార్లకు టాప్ మీద మామూలుగా 50 నుంచి 75 కేజీల వరకే ఇస్తారు, అందులోనే క్యారియర్ బరువు కూడా కలిపి లెక్క. కాబట్టి ఆ ‘100 కేజీలు’ అన్న మాటకి మీ కారు తరఫున అర్థమే లేదు.

‘వెనక ఎర్రగుడ్డ కట్టేస్తే ఎవడూ ఆపడు’ అనే సలహా కూడా మాకు వచ్చింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 194(1ఏ) సెక్షన్ ఉంది, సామాను పరిమితి దాటి ముందుకో వెనక్కో పక్కకో పైకో పొడుచుకొస్తే జరిమానా 20,000 రూపాయలు, దింపించే ఖర్చు అదనం. ఒక నెల పని మొత్తం అక్కడే పోతుంది. ఇక ఇన్సూరెన్స్. మీ ప్రైవేటు కారు పాలసీ కాగితాల్లో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే పేరా ఉంటుంది, ఎవరూ చదవరు. కిరాయికి తిప్పడం, శాంపిళ్లూ సొంత లగేజీ కాకుండా వేరే సరుకు మోయడం అందులో కవర్ కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, నా పనిముట్లు నా కారులో తీసుకెళ్తాను, క్లెయిమ్‌కి ఇబ్బందా అని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్లో ఏజెంట్ చెప్పేది లెక్కలోకి రాదు.

సెల్లార్ల సంగతి మర్చిపోయాను. కారు ఎత్తు 1,675 మిల్లీమీటర్లు, దాని మీద బారు, దాని మీద రెండు వరసల నిచ్చెన, 2 మీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. పార్కింగ్ దారిలో 2.1 మీటర్ల బోర్డు వేలాడుతుంటే ఏటవాలు దిగేటప్పుడు నిచ్చెన ముక్కో తోకో పైన తగులుతుంది. వాచ్‌మన్ ‘పర్లేదు సార్ రండి రండి’ అంటూనే ఉంటాడు, దిగి చూసుకోండి.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, టాప్ మీద ఏమీ పెట్టడం లేదు. నాలుగు ముక్కలుగా మడిచే మల్టీపర్పస్ నిచ్చెన కొన్నాం, ముక్కకి నాలుగు మెట్లు, విప్పితే 15 అడుగుల పైమాటే, మడిస్తే నాలుగడుగులకి కొంచెం పైన, వెనక సీటు మడిచి పెడితే డిక్కీలోనే పడుతుంది. కీళ్ల దగ్గర లాక్ టక్‌మని పడిందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి, అదొక్కటే పని. టెలిస్కోపిక్ నిచ్చెనలు ఇంకా చిన్నగా మడుస్తాయి కానీ చౌకవాటి జోలికి పోకండి. ‘ఈఎన్ 131’ (నిచ్చెనలకు యూరప్ వాళ్ల ప్రమాణం) అని స్టిక్కర్ వేసేస్తే అయిపోదు, అది ఎవరు పరీక్షించారో కాగితం అడగండి. అంతకంటే పైన ఉన్న అద్దాలకు నీళ్లు చిమ్మే పొడవాటి పోల్ వాడుతున్నాం, నేల మీద నిలబడే కడగొచ్చు. ఒక చిక్కుంది, మన బోరు నీళ్లతో కడిగితే ఆరిన తర్వాత అద్దమంతా తెల్లటి మచ్చలు, శుద్ధి చేసిన నీళ్లు క్యాన్లలో తీసుకెళ్లాల్సిందే.

పెద్ద నిచ్చెన తప్పనిసరి అయిన రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకుంటున్నాం, ఖర్చు కస్టమర్‌కి ముందే చెప్తున్నాం, ఎవరూ కాదనలేదు. గేటెడ్ కమ్యూనిటీల్లో అయితే మెయింటెనెన్స్ గదిలో నిచ్చెన ఉండనే ఉంటుంది, ముందురోజు ఫోన్ చేసి అడిగితే ఇస్తారు, కానీ ఎక్కేముందు మెట్లూ అడుగున రబ్బరు బూట్లూ మీరే చూసుకోండి.

ఇప్పటికే క్యారియర్ కొనేసి ఉన్నవాళ్లు కనీసం ముందు కొనకీ వెనక కొనకీ విడిగా తాళ్లు కట్టండి, కారు కింద ఉన్న టోయింగ్ హుక్కులకి, బంపర్ ప్లాస్టిక్‌కి కాదు. సాగే రబ్బరు తాళ్లు వద్దు, గాలికి అవి ఇంకా సాగుతాయి. బయల్దేరిన కాసేపటికి ఒకసారి ఆపి నట్లు మళ్లీ బిగించండి, మొదటి బిగింపు ఎప్పుడూ వదులవుతుంది. ఔటర్, హైవేలు ఎక్కొద్దు.

మా ఫిర్యాదు ఎంతదాకా వచ్చిందంటే, క్యారియర్ డబ్బులు వెనక్కి ఇస్తామంటున్నారు, టింకరింగ్, పెయింటింగ్ ఖర్చు మాత్రం ఇవ్వమంటున్నారు. క్యారియర్ డబ్బులూ రిపేరు ఖర్చూ కలిపి ఇస్తేనే ఒప్పుకుంటాం అని చెప్పాం, వంగిన క్లాంపు కూడా వాళ్లకి తిరిగి పంపలేదు, పంపితే మన చేతిలో సాక్ష్యం ఉండదు. ఇలాంటి సరుకుతోనే దెబ్బతిన్నవాళ్లు ఎవరైనా ఉంటే మేం ఫిర్యాదులో రాసిన మ్యాటర్ పంపిస్తాను, బిల్లు వివరాలు మార్చుకుని వాడుకోండి.