తోక ఉన్న మౌసా, తోక లేని మౌసా, టచ్‌ప్యాడా? మొరాయిస్తే ఏది మేలు

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే శ్రీకాకుళంలో మా డీటీపీ గదిలో నిలబడడానికి చోటుండదు. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, రెండు బల్లలు పట్టేంత గది. కిందటి మాఘమాసంలో ఒక శుభలేఖ దిద్దుతున్నాను. వరుడి పేరును మౌస్‌తో పట్టుకుని పక్కకు జరుపుతుంటే దారిలోనే జారి వధువు తాతగారి పేరు మీద పడింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ అక్కడే. ఎదురుగా కూర్చున్న పెళ్లికూతురి తండ్రి ముఖం మారింది.

"బాబూ, శకునం బాగోలేదేమో" అన్నారు.

"శకునం కాదండీ, స్విచ్ బాగోలేదు" అన్నాను.

అప్పటి నుంచి ఏ మౌస్ కొనమంటారని ఎవరు అడిగినా ఎదురు ప్రశ్న వేస్తున్నాను: పాడైతే ఏం చేస్తారు? బాగున్నన్నాళ్లూ వైర్ మౌస్, వైర్‌లెస్ మౌస్, టచ్‌ప్యాడ్ మూడూ బాగానే ఉంటాయి. వాటి అసలు గుణం మొరాయించిన రోజునే తెలుస్తుంది.

ముందు వైర్ మౌస్ సంగతి. ఎడమ బటన్ కింద చింతగింజంత నల్లటి డబ్బీ ఒకటి ఉంటుంది. అదే స్విచ్. లోపల సన్నటి లోహపు రేకు నొక్కినప్పుడల్లా వంగి తగులుతుంది. వాడగా వాడగా ఆ తగిలే చోటు అరుగుతుంది, చిలుము పడుతుంది. అప్పుడు మనం నొక్కి పట్టుకున్నా లోపల క్షణకాలం తెగి మళ్లీ కలుస్తుంది. కంప్యూటర్ మాత్రం మనం వదిలేసి మళ్లీ నొక్కామనుకుంటుంది. ఒక్కసారి నొక్కితే ఫోల్డర్ తెరుచుకోవడం, జరుపుతున్న అక్షరాలు మధ్యలో జారిపోవడం ఇందువల్లే. సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం ఎంత మార్చినా లాభం లేదు, ఆ తెగడం, కలవడం రెప్పపాటు కూడా పట్టదు.

జబ్బు స్విచ్‌దేనా అని తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. సెట్టింగ్స్‌లో మౌస్ విభాగానికి వెళ్లి ప్రధాన బటన్‌ను ఎడమ నుంచి కుడికి మార్చండి. కుడి బటన్‌తో జరిపినప్పుడు జారకపోతే దోషం ఎడమ స్విచ్‌దే. ఆ పూట పని కూడా ఆగదు. ఆ శుభలేఖను నేను మధ్యవేలితోనే పూర్తి చేశాను. సాయంత్రం మౌస్ అడుగున అతికించిన జారుడు పట్టీలను గోటితో లేపి, వాటి కింది స్క్రూలు తీసి, రేడియోలు బాగుచేసే మిత్రుడి ముందు పెట్టాను. కుడి స్విచ్‌కు పని తక్కువ కాబట్టి అది కొత్తదానిలా ఉంది. రెండింటినీ ఊడదీసి అటుదిటు మార్చి టంకం వేశాడు. పావుగంట పని.

వైర్ మెడ దగ్గర, అంటే మౌస్‌లోకి దూరే చోట, తెగడం రెండో జబ్బు. అక్కడ వంచి పట్టుకుంటే బాణం గుర్తు కదిలి, వదిలితే ఆగిపోతుంది. దాన్ని కోసి అతికించేవారున్నారు కానీ నేను ఆ పని చేయించను. 300, 400 రూపాయలకు కొత్తది వస్తుంటే ఆ శ్రమ దండగ.

బాణం గుర్తు ఉన్నచోటే వణుకుతుంటే మౌస్‌ను తిరగేసి చూడండి. అడుగున ఉన్న చిన్న కెమెరా బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి ఎటు కదిలామో లెక్కగడుతుంది. ఆ రంధ్రంలో ఒక్క వెంట్రుక పడినా లెక్క తప్పుతుంది. గాజు బల్ల మీద పోల్చడానికి గీతా మరకా ఏదీ కనిపించక తికమకపడుతుంది. పాత క్యాలెండర్ కాగితం ఒకటి కింద పరిస్తే చాలు. తుడవడానికి నేను వాడేది చిరిగిన పొందూరు ఖద్దరు ముక్క. వాలుగ చేప దవడతో ఏకిన దూది బట్ట అది, అంతకంటే మెత్తనిది నాకు దొరకలేదు.

వైర్‌లెస్ మౌస్‌కు వైర్ తెగే బాధ ఒక్కటే లేదు. ఆ స్విచ్, ఆ కెమెరా దీనికీ ఉన్నాయి, పైగా సొంత జబ్బులు చేరాయి. బ్యాటరీ నీరసించిందంటే బాణం గుర్తు కుంటుతుంది. మౌస్ మాట వినడానికి కంప్యూటర్‌కు గుచ్చే గోరంత రిసీవర్ పోతే చాలా రకాల్లో మౌస్ ఉండీ లేనట్టే. ఇవి ఎవరికైనా తెలుస్తాయి. తెలియనిది ఇంకొకటి ఉంది. పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడొకడు, హార్డ్ డిస్క్‌లోకి ఫొటోలు ఎక్కిస్తున్నప్పుడు మాత్రమే మౌస్ తడబడుతోందని వచ్చాడు. 3.0 రకం యూఎస్‌బీలో డిస్క్ పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. రిసీవర్ వినేదీ అక్కడే. ఇంటెల్ సంస్థే 2012లో దీన్ని ఒక పత్రంలో వివరించింది. అతని రిసీవర్ డిస్క్‌ను ఆనుకునే ఉంది. మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని దూరం జరిపితే తడబాటు పోయింది. తోక వద్దని కొన్న మౌస్‌కు చివరికి తోకే మందయింది.

ఇక టచ్‌ప్యాడ్. వేలు ఆనినప్పుడు తన పైనున్న విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టి ఇది పనిచేస్తుంది కాబట్టి తడి వేలన్నా చెమట వేలన్నా దీనికి పడదు. మన తీరపు ఉక్కలో మే నెలంతా అలుగుతూనే ఉంటుంది. చార్జర్ పెట్టినప్పుడే బాణం గుర్తు గంతులు వేస్తుంటే టచ్‌ప్యాడ్‌ను తిట్టకండి, గోడ సాకెట్‌ను చూడండి. త్రీ పిన్ ప్లగ్‌ను టూ పిన్ అడాప్టర్‌తో తగిలించి ఉంటారు, లేదా ఇంటికి సరైన ఎర్తింగ్ ఉండదు. లోహపు మూత మీద చేయి రాస్తే సన్నగా జివ్వుమంటుంది కూడా. చార్జర్ పీకగానే గంతులు ఆగితే దోషం కరెంటు వైపుదే.

సంక్రాంతికి విశాఖపట్నం నుంచి వచ్చిన మేనల్లుడు "మావయ్యా, టచ్‌ప్యాడ్ చచ్చిపోయింది" అన్నాడు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) తీసేసి మళ్లీ వేశాడట, రెండుసార్లు రీస్టార్ట్ చేశాడట. ల్యాప్‌టాప్ పక్కన చూస్తే రిసీవర్ గుచ్చే ఉంది, మౌస్ మాత్రం విశాఖలో ఉండిపోయింది. మౌస్ తగిలిస్తే టచ్‌ప్యాడ్ ఆగిపోవాలనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. రిసీవర్ పీకగానే చచ్చినది లేచి కూర్చుంది.

నవ్వుకోలేని జబ్బు కూడా ఒకటి ఉంది. ఒకావిడ తెచ్చిన ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ నొక్కుడు పడడం లేదు. బల్ల మీద పెడితే పడవలా ఊగింది. లోపల బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింద నుంచి ఎత్తేస్తోంది. ఇది నొక్కి సరిచేసేది కాదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే ఆపి, చార్జర్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమని చెప్పాను.

బల్ల మీద కూర్చుని చేసే పనికి నా ఓటు వైర్ మౌస్‌కే, అందులో రెండో ఆలోచన లేదు. తిరిగేవారు టచ్‌ప్యాడ్ అలవాటు చేసుకుని, సంచిలో చవక వైర్ మౌస్ ఒకటి పడేసుకోవాలి. ఒకటి మొరాయిస్తే రెండోది తగిలించి చూస్తే తప్పు మౌస్‌దో కంప్యూటర్‌దో నిమిషంలో తేలిపోతుంది. వైర్‌లెస్‌ను తెరకు దూరంగా నిలబడి పాఠం చెప్పే మాస్టార్లకు వదిలేస్తాను.

శుభలేఖలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పెళ్లికూతురి తండ్రి మౌస్ వంక అనుమానంగా చూసి, "మార్చారా?" అని అడిగారు. మార్చలేదు, లోపలి స్విచ్‌లనే అటుదిటు వేయించానన్నాను. ఆయన కట్ట విప్పి, తాతగారి పేరు రెండుసార్లు చదువుకుని, ఆ తర్వాతే జేబులోంచి డబ్బులు తీశారు.